గ్వెండా అరువిచ్చిన టోపీ

ఇంగ్లండులోని డార్బీషైర్‌లో పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే గ్వెండాకి ఆదివారం సాయంత్రమంటే రెండు కళ్ళూ రెండు చోట్ల. ఒకటి టీవీలో, రెండొందల ఏళ్ళ కిందటి ప్రేమకథ మీద. రెండోది ఒళ్ళోని ఫోన్లో, స్కూలు స్నేహితురాలు మార్సియా పెట్టే ఫొటోల మీద. టీవీలో తెల్లచొక్కా కుర్రవాడు అమ్మాయి కోసం వానలో తడుస్తూ పొలాలకి అడ్డంపడి వస్తుంటాడు. ఫోన్లో మార్సియా మొగుడు ఏదో ఒక సముద్రం ఒడ్డున ఆవిడ నుదుట ముద్దు పెడుతుంటాడు. పక్క కుర్చీలో గ్వెండా మొగుడు డెరిక్, టీలో విరిగిపడిన బిస్కెట్టుని చెంచాతో వెతుకుతుంటాడు.

అందుకే ఆల్డర్‌బీ హాల్ భవంతిలో పాతకాలపు వేషాల పండగ అనగానే ఇద్దరికీ బట్టలు అద్దెకి తెచ్చింది. పెళ్ళిరోజుకి ఒక్క మంచి ఫొటో కావాలి. అది మార్సియా చూడాలి. అంతే.

"ఈ లాగేమిటి, మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది?"

"అదంతే. దూరంగా చూడు డెరిక్. గుండెల్లో ఏదో బాధ ఉన్నట్టు."

"బాధ గుండెల్లో కాదు గ్వెన్, నడుం దగ్గర. బొత్తాం పొడుస్తోంది."

కొలను పక్కన నిలబెట్టి, ఫోను సర్దుకుని తలెత్తేసరికి మనిషి మాయం. భవంతి సిబ్బందీ అవే వేషాల్లో ఉండటంతో, ఎవరో ఆయన్నీ వాళ్ళలో ఒకడనుకుని మరుగుదొడ్డి ఎటని అడిగారట. దారి చూపించాడు. గ్వెండా వెతికి పట్టుకునేసరికి వెనక ఆరుగురు నడుస్తున్నారు, ఆయన పైకప్పు నగిషీల గురించి నోటికొచ్చింది చెప్తున్నాడు.

"నీకేం తెలుసయ్యా మహానుభావా?" అంది చెవిలో.

"పాపం అడుగుతున్నారు. తెలీదంటే ఏం బావుంటుంది?"

బయటికొచ్చేసరికి తుంపర మొదలైంది. కర్ర పట్టుకున్న ఓ ముసలావిడ జారే గడ్డి వాలు చూసి ఆగిపోయింది. "అబ్బాయీ, ఆ టీ కొట్టు దాకా దింపుతావా?" డెరిక్ వంగి చెయ్యందించాడు. "గ్వెన్, ఆ టోపీ ఇటివ్వు, ఆవిడ తల తడుస్తోంది." రిబ్బన్లు, లేసు, పొద్దున గంటసేపు ముస్తాబు చేసిన టోపీ! పళ్ళు బిగించి ఇచ్చింది.

ఇద్దరూ అడుగులో అడుగేస్తూ దిగుతున్నారు. వాన, ఆ కోటు, వంచిన ఆ తల. వెనకనించి చూస్తే అచ్చం ఆదివారం సాయంత్రమే. చెయ్యి ఊరుకోలేదు. ఫొటో తీసి, "మా ఆయన" అని రాసి పెట్టేసింది.

టీ చల్లారకముందే మార్సియా జవాబొచ్చింది: "ఎంత ముచ్చటగా ఉన్నారే ఇద్దరూ! కానీ గ్వెన్, నడుం అంతలా వంగిపోయిందేమే? ఒక్కసారి డాక్టరుకి చూపించుకో తల్లీ!"

కింద గుండె గుర్తులు గుట్టలుగా పడుతున్నాయి. ఆ ముసలావిడ నేను కాదని రాస్తే మొగుడు పరాయివాళ్ళ పక్కనున్నట్టు. రాయకపోతే తనకి గూని వచ్చినట్టు. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. కార్లు ఆపే చోటికి వచ్చినా చెరుపుతూనే ఉంది.

అక్కడ పెద్ద నీటిగుంట. డెరిక్ చెయ్యి చాపాడు.

"ఉండు, జవాబు రాస్తున్నా."

లాగు పైకి లాక్కుంటూ, చెయ్యి అలాగే చాపి నిలబడ్డాడు. గ్వెండా ఫోను చంకలో ఇరికించుకుని ఆ చెయ్యి పట్టుకుంది. గుంట దాటుతున్నంతసేపూ చంకలో అది గుర్రుగుర్రుమంటూనే ఉంది.