అత్తమ్మ తెచ్చిన గడ్డి

మా ఇంట్లో ఒక తెల్ల కుందేలు చచ్చిపోయింది. రెండేళ్ళు దాటింది. అది మా అత్తమ్మ తెచ్చిన గడ్డి తిని చచ్చిపోలేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, చివరిదాకా రాసే ధైర్యం ఉంటుందో లేదోనని. నేను ఐదో తరగతి వరకే చదివాను. పుట్టిల్లు చర్ల వైపు కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చు. సరిహద్దు దాటి బాసగూడ దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చాక సంతకం తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఆ ఏడు వరికోతలయ్యాక నేనూ మా ఆయనా ఇనుప గనులున్న కిరండూల్‌లో బిల్డింగు పనికి వెళ్ళాం. సాయంత్రం పూట నేను ఒక క్వార్టర్‌లో గిన్నెలు తోమేదాన్ని. వాళ్ళు ఆంధ్రావాళ్ళు. వాళ్ళ పెరట్లో ఇనుప బోనులో ఈ కుందేలు ఉండేది. వాళ్ళకు విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ అయింది. సామానంతా లారీకి ఎక్కించారు గానీ బోను ఎక్కించలేదు. అడిగితే ఆ అమ్మగారు, అడవిలో వదిలెయ్యి, అదే బతుకుతుంది అంది. మా అడవి సంగతి ఆమెకేం తెలుసు. అడవిరంగు కుందేళ్ళే ఉచ్చుల్లో పడుతుంటాయి, పాలలాంటి తెల్లది ఒక్క పూటైనా బతుకుతుందా? రెండు రోజులు ఆగి చూశాను. ఇంటికి తాళం, పెరట్లో బోను, ఎండిపోయిన నీళ్ళ గిన్నె. చెయ్యి పెడితే వచ్చి నాకింది. ఇక వదల్లేకపోయాను.

పని అయిపోయాక వెదురు బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి, బస్సులు మారుతూ తెచ్చాను. కోడా అని కండక్టర్ హిందీలో అడిగితే అవునన్నాను. దారంతా, కోడైతే కుయ్యమనదేం అంటాడేమోనని ఒకటే భయం.

అత్తమ్మ గుడ్డ తీసి చూసింది.

"ఏంది పిల్లా ఇది, కూరకా?"

"కాదత్తా, సాకుతా."

"కుందేలును సాకుడేంది? ఒండుకుంటరు గని."

ఊళ్ళో వాళ్ళకూ నవ్వులాటే అయింది. మా ఇంట్లో కూర నడుచుకుంటూ తిరుగుతోందన్నారు. పక్కింటామె రోజూ వచ్చి కూర ఎంత పెరిగిందని అడిగేది. నేనూ ఊరుకోలేదు. బోరింగు కాడ, సంతలో, ఎవరు కనిపిస్తే వాళ్ళకు చెప్పాను. ఆ చదువుకున్నోళ్ళు వదిలేసి పోయారు, నేను సాకుతున్నాను అని. అలా చెప్పుకోవడం నాకు బాగుండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నిజానికి దాన్ని ఎక్కువ సాకింది అత్తమ్మే. అది ఆమె మంచం నులక కొరికితే తిట్టేది, మళ్ళీ ఆ సాయంత్రమే కొంగులో గరిక తెచ్చేది. ఆమె వాకిట్లోకి రాగానే అది కాళ్ళ చుట్టూ తిరిగేది. మాతో తెలుగు మాట్లాడే మనిషి, దానితో మాత్రం తన సొంత భాష దోర్లిలో మాట్లాడేది. ఏమంటున్నావత్తా అంటే, మాకు మాకు సవాలక్ష ఉంటాయి, నీకెందుకు అనేది.

ఇప్పపూల కాలం వచ్చింది. ఆ నెల మాకు వేరే ధ్యాస ఉండదు. తెల్లారకముందే గంపలు తీసుకుని చెట్ల కిందికి పోతాం, ఎండెక్కాక వస్తాం. ఎండలకు గరిక మాడిపోయింది. కుందేలు చిక్కినట్టు కనిపించింది. మా దగ్గర బక్కచిక్కిన ఎడ్లకు, ఈనబోయే మేకకు ఇప్పపూలు పెడతారు. పెడితే ఒళ్ళు పడుతుంది. అదే లెక్కన వాకిట్లో ఆరేసిన పూలు దోసెడు తీసి దీనికీ పెట్టాను. ఎంత ఇష్టంగా తిందో. మర్నాడు రెండు దోసిళ్ళు పెట్టాను. నాలుగు రోజులు అలాగే పెట్టాను. అత్తమ్మ కంటే నేనే బాగా చూసుకుంటున్నాననిపించింది.

నాలుగో రోజు మునిమాపు వేళ అత్తమ్మ ఎక్కడో పచ్చగడ్డి దొరికిందని కట్ట తెచ్చి దాని మూలన వేసింది. పొద్దున నేను పూలు ఏరుకుని వచ్చేసరికి అది ముడుచుకుని కూర్చుని ఉంది. పొట్ట డప్పులా బిగిసింది. పళ్ళు నూరుతోంది. అత్తమ్మ ఒళ్ళో వేసుకుని పొట్ట నిమురుతూనే ఉంది. మధ్యాహ్నానికి అది కాళ్ళు చాపేసింది.

"మిరపతోట గట్టు మీద కోసిన పిల్లా ఆ గడ్డి. మందు కొట్టిన్రేమో, నాకు సూపు ఆనలే. నా చెయ్యే దీన్ని చంపింది."

నేను పక్కనే ఉన్నాను. మూలన గడ్డి కట్ట వేసింది వేసినట్టే ఉంది. ఒక్క పోచ కొరకలేదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. ఊరంతా గొప్పలు చెప్పిన దాన్ని, నేనే చంపానని ఎలా చెప్పను? ఆమె దాన్ని పాతిపెట్టడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆ గడ్డి తీసి మేకకు వేశాను. మేక మొత్తం తింది. మర్నాటి దాకా చూశాను. దానికేమీ కాలేదు.

తర్వాత పశువులకు టీకాలు వేసే ఆయన వస్తే పక్కకు పిలిచి అడిగాను. ఎద్దు పొట్ట వేరు, కుందేలు పొట్ట వేరు, తియ్యటివి అన్నేసి పెడితే లోపల పులిసి గాలి పట్టేస్తుంది, రోజూ ఎవరు పెట్టమన్నారు నిన్ను అని కోప్పడ్డాడు. అదీ ఎవరికీ చెప్పలేదు.

మా ఊళ్ళో తొలకరికి మొదటి పిడికెడు విత్తనం చెయ్యి మంచిదన్న మనిషే చల్లాలి. మా ఇంటికీ, ఇంకో మూడిళ్ళకూ ఆ చెయ్యి అత్తమ్మదే. ఆ ఏడు వానపడ్డాక మా ఆయన గంప తెచ్చి పెడితే ఆమె ముట్టలేదు.

"నా చెయ్యి మంచిగ లేదు. వేరేటోళ్ళను సూస్కోన్రి."

కుందేలు పోతే చెయ్యి పోతుందా అని ఆయన ఎంతో చెప్పాడు. ఆమె వినలేదు. అవతలి వీధి ముసలామె వచ్చి చల్లింది. అత్తమ్మ గట్టు మీద నిలబడి చూసింది. నేను గంప పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాను. మరుసటి ఏడూ అంతే. మా మేక ఈనితే పిల్లను కూడా ఆమె ముట్టలేదు.

ఈ ఏడు వానలకు ముందు ఇద్దరం విత్తనాలు చెరుగుతున్నాం. ఎలా వచ్చిందో మాట వచ్చేసింది.

"అత్తా, ఆ తెల్లది నువ్వు తెచ్చిన గడ్డి తినలే."

"ఏం తిన్నది మరి?"

"ఇప్పపూలు. నేనే పెట్టిన, నాలుగు రోజులు. నీ గడ్డి మేకకు ఏసిన. మేకకు ఏం కాలే."

ఆమె చాట కింద పెట్టింది.

"నీకెప్పుడు ఎరుక?"

"ఆ పొద్దే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. విత్తనాల్లో రాళ్ళు ఏరసాగింది.

"ఆకలైతదని పెట్టినవ్. దానికి నేనేమంట?" అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "గని రెండేండ్లు నన్ను గట్టు మీద నిలబెట్టినవ్ బిడ్డా" అంది.

నేను ఆ చాట అందుకుని మిగిలిన విత్తనాలు చెరిగాను.

వాన పడింది. గంప తీసుకెళ్ళి నేనే ఆమె ముందు పెట్టాను. ఈసారి పిడికెడు తీసుకుంది. మొన్నటి చలికాలం నుంచి ఆమె చెయ్యి వణుకుతోంది. వేళ్ళ సందుల్లోంచి విత్తనాలు కాళ్ళ మీదే రాలిపోయాయి. మిగిలినవి గంపలో పోసేసింది.

"చెయ్యి నిలుస్తలేదు. నువ్వే చల్లు."

నేనే చల్లాను. మొలక బాగానే వచ్చింది. మొన్న బోరింగు కాడ ఒకామె, నీ చెయ్యి మంచిదే, వచ్చే ఏడు మా చేనుకూ రా అంది. నేను సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.