లోపల వదిలిన గుడ్డ

టెక్సాస్‌లోని కాపెల్‌లో కృష్ణవేణి కుట్టుమిషను పక్కన మూడు డబ్బాలుంటాయి. వాటిమీద తెలుగు అక్షరాల్లో జపాను మాటలు: హగిరె, హంపా, ఇతోకుజు. కత్తిరింపులో మిగిలిన గుడ్డముక్క హగిరె. జతకు చాలక ఒంటిగా మిగిలినది హంపా. దారపు తుక్కు ఇతోకుజు. ప్లేనోలో శనివారాలు కుట్టు నేర్పే మిచికో గారి దగ్గర నేర్చుకున్న మాటలివి. పారేసేవాటికి డబ్బా ఏదని అడిగితే ఆ పెద్దావిడ అర్థం కానట్టు చూసిందట.

కృష్ణవేణి రాజమండ్రిలో జాకెట్లు కుట్టి బతికిన మనిషి. భర్త వీసా మీద ఇక్కడికి వచ్చాక, పనిచేసే అనుమతి లేని ఏళ్ళన్నీ కూతురు దేదీప్యకే కుట్టింది. ప్రతి జాకెట్టుకూ లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది. పిల్ల ఎదిగినప్పుడల్లా ఆ కుట్టు విప్పేది.

మూడేళ్ళప్పుడు వచ్చిన ఆ పిల్లకు మొన్న మార్చిలో ఇరవై ఒకటి నిండాయి. ఆలోగా గ్రీన్‌కార్డ్ వంతు రాకపోతే తండ్రి వీసా ఆమెకు వర్తించదు. అర్జీ పరిశీలనలో గడిచిన రోజులను వయసులోంచి తీసివేసే వెసులుబాటు ఒకటుంది. దేదీప్యకు అది నలభై మూడు రోజులిచ్చింది. క్యూ దశాబ్దాలది. స్టూడెంట్ వీసాకు మార్చమంటే, చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళుతుందన్న రుజువు లేదని తిరస్కరించారు. రుజువు లేదన్న ఆ దేశానికే వెళ్ళిపొమ్మన్నారు.

ఆ తిరస్కరణ లెటర్ చదివి దేదీప్య హంపా డబ్బాను కాలితో తోసింది.

"నన్ను ఇందులో వేసెయ్ మామ్. ఐ యామ్ ఎక్స్‌ట్రా."

"నోర్ముయ్యవే. మిచికో ఆంటీ ఇచ్చిన డబ్బా అది, తన్నకు."

"ఆంటీనా? షి ఈజ్ ఎయిటీ, మామ్!"

ఇద్దరూ నవ్వారు. తల్లి నవ్వు ముందు ఆగింది.

కూతురి హైదరాబాద్ ప్రయాణానికి రెండు రోజుల ముందు కృష్ణవేణి ఆకుపచ్చ పట్టు జాకెట్టు కుట్టింది. దేదీప్య తిరగేసి చూసింది. లోపల నాలుగేసి వేళ్ళ గుడ్డ.

"ఇంత ఎందుకు వదిలావ్? నేనింక గ్రో అవ్వను కదా."

"అక్కడ కుట్టేవాళ్ళకి నీ కొలత తెలీదే. ఒళ్ళొస్తే విప్పించుకో."

"నువ్వు వచ్చి విప్పొచ్చు కదా?"

కృష్ణవేణికి ఇక్కడ ఉండే అనుమతి ఉన్నా, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. దేశం దాటితే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో చెప్పగల లాయరు లేడు. ఆమె కూతురి చేతిలోంచి జాకెట్టు తీసుకుని మడతపెట్టింది.

మీటరు గుడ్డలో మిగలవలసినదంతా ఆ జాకెట్టు లోపలికే వెళ్ళింది. ఆ రోజు హగిరె డబ్బాలో ఒక్క ముక్కా పడలేదు.