మామ కారుకు ఒకే సైజు టైర్లు

కారు పత్తి బోరాల గుట్టలోకి రెండోసారి దూరిన రోజు మామ నన్ను తిట్టలేదు. మెల్లగా నడిచి వచ్చి, ముందు బంపర్‌కు అంటుకున్న పత్తిని వేళ్లతో తీసి, ఉండ చేసి జేబులో వేసుకున్నాడు. ఆదిలాబాద్ పత్తి రైతు పత్తిని పారేయడు. ఆ తర్వాత బస్సు టైమ్ చెప్పినంత మామూలుగా అన్నాడు.

"అల్లుడా, రెండుసార్లు అయింది. వచ్చేపారి నా ముందట మూడు చుట్లు ఏడ తాకకుంట తిప్పు. తిప్పితే బండి నీ దగ్గరనే ఉండని. తాకిందనుకో, ఆదిలాబాద్‌కు తోలియ్యి. గింజల మూటలు ఏసుకొస్త దీంట్ల."

ఆ కారు ఆయనదే. వెనక చక్రాలకు బలం వెళ్లే పాత కాలపు బండి. ఇరవై ఏళ్లు నడిపి, ఇంట్లోకి కొత్తది వచ్చాక దాన్ని కరీంనగర్‌లో మా గేటు ముందు నిలిపి వెళ్లాడు. ఇచ్చానని అనలేదు. ఉంచానని అనలేదు. అప్పటినుంచి నేను దాన్ని నాది అనుకుంటున్నాను, ఆయన అనుకోనిస్తున్నాడు. ఆ ఏర్పాటు బోరాల దగ్గర చెడింది.

బోరాల సంగతి చెప్పాలి. జమ్మికుంట పక్కన ఒక జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి సీజన్ అయిపోయాక దాని కాంక్రీటు యార్డు, ఎకరాలకొద్దీ, ఖాళీగా ఎండుతుంటుంది. మిల్లు యజమానికి కార్ల పిచ్చి. వేసవిలో నెలకో ఆదివారం పొద్దున్నే అక్కడ ఆరెంజ్ కోన్లు పెట్టి గడియారం పట్టుకుని కూర్చుంటాడు. ఒక్కో కారు వంతులవారీగా మూడు చుట్లు తిరగాలి, ఎవరి టైమ్ వాళ్లది. పోటీ అంటే అనుమతులు కావాలి కాబట్టి దాన్ని ప్రాక్టీస్ అంటాం. దేనికి ప్రాక్టీస్ అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

యార్డు చివర, లారీలు తూచే కాటా దాటగానే, ఎడమకు గట్టి మలుపు. మలుపుకు ఎదురుగా అమ్ముడుపోని తుక్కు పత్తి కుక్కిన బోరాలు, పెద్ద గోనె బస్తాలు, గుట్టగా ఉంటాయి. అందరి కార్లూ అక్కడ ఎడమకు తిరుగుతాయి. నా కారు నేను స్టీరింగ్ తిప్పిన సంగతి గమనించి, గౌరవించి, నేరుగా వెళ్తుంది.

దీనికి కారణం నేనే, కానీ ఒక్కణ్నే కాదు. కారుకు ముందు సన్న టైర్లు, వెనక బాగా వెడల్పు టైర్లు వేయించాను. ఇంజను బలమంతా వెనక్కి వెళ్తుంది కాబట్టి పట్టు వెనకే కావాలని నా వాదన. మామ వెంటనే ఒప్పుకున్నాడు. "ట్రాక్టర్ సూడలే? ఎనక పెద్దయి, ముందట శిన్నయి. కంపెనోడు పిచ్చోడా?" అన్నాడు. మా దగ్గర ట్రాక్టర్ పేరు ఎత్తాక వాదన ముగిసినట్టే. టైర్ల దుకాణంలో, టీ కొట్టు దగ్గర, మా వీధిలో, అందరూ ఇదే మాటతో నన్ను మెచ్చుకున్నారు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని పదిహేనేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. టైర్లు మాత్రం నా క్లాసుకు ఒక్కరోజూ రాలేదు.

రెండో గుద్దుడు తర్వాత కరీంనగర్‌కు తిరిగి వస్తుంటే మా ఆవిడ నడిపింది. ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ కారులోనే, వాళ్ల చేను గట్టు పక్క బండి బాటలో. మామ వెనక సీట్లో నిద్రపోతున్నాడు, లేదా ఆ మర్యాద పాటిస్తున్నాడు.

"ముందట సైకిల్ టైర్లు, ఎనక లారీ టైర్లు. మలపమంటే ఎట్ల మలుపుతది?" అంది. "మలిపేటియి ముందటియి గద."

"బలం వెనకకు పోతది. గ్రిప్ ఆడ కావాలె."

"ఆడ కావాలె. ఈడ వద్దా?"

"మరి ట్రాక్టర్‌కు..."

"ట్రాక్టర్ దున్నుతది. నువ్వేం దున్నుతున్నవ్, బోరాలా?" గేరు మార్చి, ఈసారి నిదానంగా చెప్పింది. "మా బాపు సాలు చివరకు వచ్చినంక ట్రాక్టర్ ఎట్ల తిప్పుతడో సూసినవా? స్టీరింగ్ తిప్పి ఊకుండడు. తిరిగే దిక్కు బ్రేక్ ఒక్కటే తొక్కుతడు. దానికి ఎడమకొకటి కుడికొకటి రెండు బ్రేకులుంటయి. ఎందుకుంటయి? గా శిన్న ముందు చక్రాలతోని సక్కగ తిరగదు గనుక."

వెనక సీట్లో గురక ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, కానీ ముందున్నంత నమ్మకంగా లేదు.

నా చదువంతా కలిపి ఆ రెండు బ్రేకులను ఎన్నడూ చూడలేదు. చాలాసార్లు ట్రాక్టర్ ఎక్కాను, ఫొటోలు కూడా దిగాను.

మరుసటి వారం కరీంనగర్‌లో మాకు అలవాటైన టైర్ల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు సంగతి విని బాధపడ్డాడు.

"ముందట గూడ గంతే వెడల్పా? లుక్ పోతది సార్. ఎనకకెల్లి సూస్తే దమ్ముంటది ఇప్పుడు."

"మా బండిని సూసేటియి బోరాలన్నా, అవి ముందటికెల్లే సూస్తయి" అంది మా ఆవిడ. "నాలుగు ఒక్కటే సైజు ఎయ్యి. రిమ్ములు గూడ ఒక్కటే."

అతను తల గీరుకున్నాడు. "మంచిదే మేడం. అరిగినయి ముందుకెనక్కి మార్చుకోవచ్చు. స్టెప్నీ ఏడనైనా పడతది. నాకే గిరాకి తక్కువ." వ్యాపారానికి నష్టమైన నిజాన్ని ఒక మనిషి అంత తేలిగ్గా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

ముందు టైర్లు బిగించాక నేను బాధ్యతగా వంగి చూశాను. టైరుకూ మడ్‌గార్డ్ అంచుకూ మధ్య వేలు పెట్టి మరీ చూశాను. వేలు పట్టింది. సంతోషంగా లేచాను. మలుపులో ఒక పక్కకు ఒరిగే కారు కోసం టైర్లు కొని, దుకాణం ముందు కదలకుండా నిలబడ్డ కారులో సందు కొలిచానని ఆ పూట నాకు తోచలేదు.

ప్రాక్టీస్ ముందు రోజు సాయంత్రం మామ బస్సులో దిగాడు. చేతిలో చిన్న సంచి. తిరుగు ప్రయాణానికి బస్సు సీటు చూడాలా అని అడిగాను.

"ఎందుకు అల్లుడా, బండి ఉన్నది గద" అన్నాడు.

ఆదివారం నా వంతు ఐదోది. మామ కాటా గది నీడలో కుర్చీ వేసుకుని, ఏ కోణంలో కూర్చుంటే బోరాలు బాగా కనిపిస్తాయో చూసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ గేజీ పెట్టి వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించింది. కిటికీ దగ్గరకు వచ్చి, "ఇప్పుడు ముక్కు తిరుగుతది. తోక గూడ తిరుగుతనంటది. భయమేసి యాక్సిలరేటర్ ఒక్కసారి ఇడువకు" అని చెప్పింది.

మొదటి చుట్టులో కాటా దాటాను. స్టీరింగ్ ఎడమకు తిప్పాను. కారు ఎడమకు తిరిగింది. ఈ చిన్న విషయానికి నేను సిద్ధంగా లేను. ఇంతకాలం దానితో బతిమాలుకుంటూ మాట్లాడిన నాకు, అది మొదటి మాటకే వినేసరికి ఏం చేయాలో తెలియలేదు. అంతలో కుడి పక్కనుంచి జర్రుమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన, తెల్లటి పొగ. మా ఆవిడ చెప్పిన మాట మరిచి కాలు ఎత్తేశాను. వెనక భాగం పక్కకు జారింది. కారు అడ్డంగా తిరిగి, బోరాల ముందు ఆగింది.

మామ లేచి వచ్చాడు. వంగి, బంపర్‌కూ బోరాకూ మధ్య జానతో కొలిచాడు.

"జానెడు. తాకలే" అని అందరికీ వినిపించేలా చెప్పాడు. ఇష్టం లేని నిజాన్ని కూడా కొలిచి చెప్పే మనిషి.

కుడి ముందు టైరు మీద వేలు లోతున గీత పడింది. కారు ఒరగ్గానే మడ్‌గార్డ్ లోపలికి మడిచిన రేకు అంచు టైరును కోసింది. మిల్లు యజమాని చూసి తల ఊపాడు. "ఇట్లనే నడిపితే టైర్ పలుగుతది సార్. ఇయ్యాల్టికి బంద్ పెట్టుండ్రి. కాదంటే ఆఖరుకు ఇంకో ఛాన్స్ ఇస్త, గని ఇది సక్కజేసుకొని రావాలె."

నేను మామ వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు, రేకు వైపు చూస్తున్నాడు. చేత్తో లోపల తడిమాడు. తర్వాత యార్డు మూలకు పోయి, గుండ్రటి పొడవాటి కర్ర ఒకటి తెచ్చాడు. గోరుతో గీరి వాసన చూశాడు. "టేకే" అన్నాడు, ఆ విషయం మీద ఆదిలాబాద్ అభిప్రాయం అవసరమన్నట్టు.

"ట్రాలీల పత్తి జాస్తి నింపితే మడ్‌గార్డ్ టైర్ మీదికి దిగుతది. గప్పుడు గిట్లనే ఎత్తుతం" అంటూ కర్రను టైరుకూ రేకుకూ మధ్య దూర్చి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "బిడ్డా, ఎక్కు. ముందుకు తోలు. ఇంత ఇంత. హా, బస్. ఎనక్కి."

మా ఆవిడ తోలుతుంటే, టైరు కదిలినకొద్దీ కర్ర దొర్లుతూ రేకు అంచును పైకి అణుస్తోంది. ప్రతిసారీ టకటకమని పాత రంగు పెచ్చులు రాలాయి. ఆ రంగు ఆయన వేయించిందే. ఒక్కో పెచ్చు రాలినప్పుడల్లా మామ కళ్లు మూసుకున్నాడు, కర్ర మాత్రం వదల్లేదు.

"మామా" అన్నాను, "మీరు బాగుచేస్తే బండి నా దగ్గరనే ఉంటది. మీకేం లాభం?"

"చెడిపోయిన బండిని గెల్సుకుంటే నాకేం లాభం?" అన్నాడు. "ఎడమదానికి గూడ కొట్టాలె. ఇటు రా, కర్ర పట్టు."

అందరి వంతులూ అయ్యాక మళ్లీ నన్ను పిలిచారు. మొదటి చుట్టు చప్పుడు లేకుండా అయింది. రెండో చుట్టులో కాటా దాటగానే ముక్కు బుద్ధిగా ఎడమకు పోయింది, వెనక భాగం పెళ్లి బరాత్‌లో చివరి మనుషుల్లా కొంచెం ఆలస్యంగా, కొంచెం ఊగుతూ వచ్చింది. కాలు ఎత్తాలని నా ఒళ్లంతా అంది. ఎత్తలేదు. స్టీరింగ్ ఇంత ఇటు వదిలితే తనే సర్దుకుంది. మూడో చుట్టులో బోరాల వైపు చూడకుండా తిరిగాను. అది ధైర్యం కాదు, మలుపు అయ్యేదాకా అవి గుర్తు రాలేదంతే. గడియారం ప్రకారం నేను పది మందిలో తొమ్మిదోవాణ్ని. పదో అతని కారు స్టార్ట్ కాలేదు.

మామ వచ్చి ముందు బంపర్ చూశాడు. కుడి టైరు మీద చెయ్యి వేసి, వేడికి చప్పున తీశాడు. ఎడమ టైరు చూశాడు. నాలుగు టైర్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మూడు చుట్లు. తాకలే" అన్నాడు. "మాటంటే మాటనే. బండి మీదే. ఇగ అడగ."

నేను దండం పెట్టబోయాను. ఆయన నన్ను భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

"జర జరుగు. గా మూలకాడ ఎట్ల తిరుగుతుందో సూస్త."

లోపల కూర్చుని సీటు ముందుకు లాక్కున్నాడు. అద్దం తనకు సరిపోయేలా తిప్పుకున్నాడు. హడావిడి లేకుండా బయలుదేరాడు. కాటా దగ్గర చేతులు పెద్దగా కదిలినట్టు కూడా కనిపించలేదు, కారు మాత్రం మలుపులో గీత గీసినట్టు తిరిగింది. మూడు చుట్లయ్యాయి. మిల్లు యజమాని గడియారం చూసి, నన్ను చూసి, మర్యాదగా టైమ్ చెప్పలేదు. కారు ఆగలేదు. నాలుగో చుట్టు మొదలైంది.

మా ఆవిడ కాటా దగ్గరికి పోయి రెండు చేతులూ ఊపింది. "బాపూ! అయిపోయినయి! దిగు!"

కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి వేలు చూపించింది. ఇంకొక్కటి.

"ఒక్కటి అంటుండు" అన్నాను.

"చిన్నప్పుడు నాకు స్టీరింగ్ ఇస్తనని గూడ గిట్లనే ఒక్కటి ఒక్కటి అనుకుంట చేను మొత్తం తిరిగిండు" అంది.

ఎండ ముదిరింది. కోన్లు తీసేవాళ్లు కోన్లు పట్టుకుని ఎటూ పోలేక నిలబడ్డారు. మేమిద్దరం కాటా గది గోడకు మిగిలిన మూరెడు నీడలో ఒకరి పక్కన ఒకరం నిలబడి, పావుగంట కిందట మాదైన కారు ఆరోసారి మా ముందునుంచి పోతుంటే చూస్తూ ఉన్నాం.