సెలవే పెట్టని మనిషి

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదంటే, ముందు నా మీదే.

రాయదుర్గంలో మా ఆఫీసు. మా అంతస్తు ఊడ్చి తుడిచే అక్కది శేరిలింగంపల్లి, కాంట్రాక్టు మనిషి. ఏడాదిలో మూడు సెలవులు దాటని హౌస్‌కీపింగ్ వాళ్లను కంపెనీ ఉద్యోగంలోకి తీసుకుంటామని హెచ్ఆర్ వాళ్లు పోయినేడు మొదట్లోనే చెప్పారు. ఏడాది చివర లిస్టు తీసే పని నా నెత్తిన పడింది. అక్కకు ఖాయం అనుకున్నా. ఆమె రాని రోజు నాకు గుర్తే లేదు.

కంప్యూటర్లో ఎవరెప్పుడు సెలవు పెట్టారో ఉండే సెలవుల టేబుల్ మీద, కావాల్సిన వివరాలు ఏరి తెచ్చే క్వెరీ రాశా. వేర్‌తో ఆ ఏడాది సెలవులు మాత్రమే ఏరా. గ్రూప్ బైతో మనిషికో కుప్ప పోశా. హ్యావింగ్‌తో మూడు దాటిన కుప్పలను తోసేశా. పదేళ్ల అనుభవం కదా, పది నిమిషాల్లో మెయిల్ కొట్టేశా. పేర్లు చదివానా? నా మొహానికి అంత తీరికెక్కడిది!

వారం తర్వాత ఆర్డర్లు ఇచ్చారు. అక్కకు రాలేదు. క్వెరీ తెరిచి చూస్తే తప్పు అక్కడే ఉంది. సెలవు పెడితేనే ఆ టేబుల్లో ఒక వరస పడుతుంది. ఒక్కటీ పెట్టని మనిషికి వరసే లేదు. వరస లేకపోతే కుప్ప లేదు. కుప్పే లేకపోతే హ్యావింగ్ లెక్కపెట్టేదేముంది? అందరి పేర్లూ ఉండే సిబ్బంది టేబుల్ నుంచి మొదలుపెట్టి ఉండాల్సింది. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పాఠం చెప్పేదీ నేనే!

హెచ్ఆర్ ఆయన దగ్గరికి పరిగెత్తా. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. "అప్రూవల్ అయిపోయిందండీ, ఖాళీలు నిండిపోయాయి. మళ్లీ ఎప్పుడైనా చూద్దామండీ" అన్నాడు.

"ఈ అండీలకేం తక్కువ లేదు! అది ఒక మనిషి బతుకు!" అని అరిచా. మాది కడప వైపు, కోపమొస్తే గొంతు తగ్గదు. ఫ్లోరంతా తలలు తిప్పి చూసింది.

"రాసింది మీరే కదండీ" అన్నాడు. అక్కను వెతుక్కుంటూ వెళ్లా.

అక్క ప్యాంట్రీలో కప్పులు కడుగుతోంది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నా. తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేది.

"గట్లనా మేడం" అంది. కుళాయి కట్టేయడం మర్చిపోయింది. "మా బిడ్డకు దవాఖానల ఆపరేషన్ చేసిననాడు గూడ డ్యూటీకొచ్చిన. ఒక్క దినం నా కాడ ఉండమ్మా అని ఏడ్సింది. సెలవు పెడితే నౌకరి పోతదేమోనని ఇడిసిపెట్టొచ్చిన. ఆ ఒక్క దినం ఉండిపోతే నా పేరొస్తుండెనా, మేడం?"

"వచ్చేది అక్కా" అన్నాను.