జువ్వలదిన్నె రేవులో ఉబ్బిన డబ్బాలు

మేం జువ్వలదిన్నె చేరేసరికి ఉదయం పదిన్నర. బోగోలు దగ్గర మద్రాసు రోడ్డు దిగిన లారీ బకింగ్‌హాం కాలువ గట్టు దాకా వచ్చి ఆగింది. అక్కడున్న చెక్క వంతెన లారీ బరువు ఆపదన్నారు. సామాను పడవ మీద దాటించి, అవతల రెండెడ్ల బండికెక్కించి, సరుగుడు తోటల మధ్య నుంచి ఇసుకలో ఈడ్చుకుంటూ రేవుకు చేర్చాం. రెండు గుడారాలు వేసేసరికి సాయంత్రం నాలుగైంది. బూట్లలో ఇసుక, కళ్లలో ఇసుక, నోట్లో ఇసుక.

అది అరవై ఐదు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై రెండు వారాలైంది. మేం ఎనిమిది మందిమి. ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక దుర్భిణి, మనిషికో రైఫిలు. మాపైన హవల్దారు, మలయాళీ. సిగ్నల్ చూసేవాడు తంజావూరు మనిషి. వంటవాడిది గఢ్వాల్ కొండలు, సముద్రాన్ని అంతకు ముందెప్పుడూ చూడలేదు. డ్రైవరు కావలి సాయిబు. లారీకి కాపలాగా కాలువ గట్టునే ఉండేవాడు, భోజనానికి మాత్రం దాటి వచ్చేవాడు. నేను లాన్స్ నాయక్‌ని. మాది కొడవలూరు పక్క పల్లె. మా నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేది కూడా ఆయనే. ఆయన నేర్పిన ఇంగ్లీషు పుణ్యమా అని సామాన్ల బాధ్యత నా నెత్తిన పడింది.

మాకు మూడు ఉత్తర్వులు ఇచ్చారు. ఒకటి: ఉదయం అయిదు నుంచి చీకటి పడేదాకా సముద్రం మీద కన్నేసి ఉంచి, ఓడ కనిపిస్తే కబురు పంపాలి. రెండు: మళ్లీ చెప్పేదాకా రేవు పక్కనున్న జాలరి పాలెం వాళ్ల తెప్పలు నీళ్లలోకి దిగకూడదు. మూడు: ఊళ్లో ఏమీ కొనకూడదు, ఇచ్చిందే తినాలి.

ఇచ్చినవి బీన్స్ డబ్బాలు. ఇరవై పెట్టెలు, పెట్టెకు ఇరవై నాలుగు. బియ్యం, పిండి, నూనె, ఉల్లిపాయలు కొద్దిగా. చైనా యుద్ధం నాడు ఏదో పైదేశం సాయంగా పంపిన డబ్బాలట అవి. మూడేళ్లు ఏ గోదాములో మగ్గాయో తెలియదు. సగానికి కాగితాలు ఊడిపోయాయి. మొదటి రోజు ఒకటి కోసి తిన్నాం. టమాటా రసంలో ఉడికిన తెల్లటి చిక్కుడు గింజలు. తియ్యగా ఉన్నాయి. పాయసం చేయబోయి మధ్యలో మనసు మార్చుకున్నట్టు ఉన్నాయి. వంటవాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది మనుషులకు పంపిందేనా అని హిందీలో అడిగాడు. రెండో డబ్బాలో పంది కొవ్వు ముక్క తేలింది. డ్రైవరు పళ్లెం అవతల పెట్టి లేచాడు. కాగితం లేని డబ్బాలో ఏముందో కోస్తే తప్ప తెలియదు. గోదాములో కూర్చుని వీటికి అంకెలేసిన ఒక్క మనిషికీ సైన్యంలో సాయిబులు కూడా ఉంటారన్న సంగతి తట్టలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఆ రోజు నుంచి డబ్బాలు ఏరడం నా పని. రోజూ పదకొండు గంటలకు గుడారం నీడలో కూర్చునేవాణ్ని. ముందు అంచులు చూడాలి. అతుకు దగ్గర తుప్పు గోటితో గీరితే రాలిపోయేది పరవాలేదు, గుంట పడితే పనికిరాదు. తర్వాత రెండు మూతలూ బొటనవేలితో నొక్కాలి. మంచి డబ్బా మూత కొంచెం లోపలికి పోయి ఉంటుంది, కదలదు. నొక్కితే టక్కున లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చేదాన్ని నమ్మకూడదు. గరిటెతో కొడితే బరువుగా మోగాలి. బోలుగా మోగితే లోపల గాలి చేరినట్టు. చెవి దగ్గర ఊపితే గింజలు చిక్కగా కదలాలి. గలగల నీళ్ల చప్పుడు వస్తే రసం విరిగినట్టు. కోసినప్పుడు గాలి లోపలికి పీల్చుకోవాలి, బయటికి చిమ్మకూడదు. పంది ముక్క ఉన్న పెద్ద డబ్బాల అడుగున ఒక ముద్ర ఉందని వారానికి కనిపెట్టాను. డ్రైవరు డబ్బా నేనే వేరుగా కోసి, అతనికి చూపించి, వేరే గిన్నెలో పోసేవాణ్ని. అన్నిటికంటే మంచివి పొట్టివి, పచ్చ గీత ఉన్నవి. వాటి గింజ చితకదు, రసం కూడా చిక్కన.

ఇక తీపి సంగతి. దానికి దారి చూపింది పాలెం మనిషి రమణమ్మ. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మొగుడు సముద్రంలో పోయాడు. మామ పోలయ్యతో కలిసి ఉండేది. రోజూ మా గుడారాల పక్క నుంచే మంచినీళ్ల చెలమకు వెళ్లేది. ఒక రోజు కడవ దించి, వంటవాడి గిన్నెలోకి తొంగి చూసి, నన్ను అడిగింది.

"ఏందన్నా అది, బెల్లం పోసినారా చిక్కుళ్లల్లో?"

మేం పోయలేదు, అట్టాగే వచ్చింది అన్నాను. ఆమె వెళ్లి, కొంగున చింతపండు, ఎండు మిరపకాయలు, తెల్లగడ్డలు కట్టుకొచ్చింది. కొనకూడదన్న ఉత్తర్వు ఉంది కానీ, ఇస్తే పుచ్చుకోకూడదని లేదు. గింజల్ని రసంలోంచి తీసి నీళ్లలో ఒకసారి కడగమంది. ఆవాలు, మిరపకాయలు, చితగ్గొట్టిన తెల్లగడ్డలు నూనెలో మాడకుండా వేయించి, ఉల్లిపాయ మగ్గాక చింతపండు పులుసు పోసి, అందులో గింజలు వేసి కుతకుత మరిగేలా బాగా తెర్లనియ్యమంది. చివర్లో పిడికెడు ఎండు రొయ్యల పొడి.

"బాగా తెర్లాల. పైపైన వెచ్చజేసి దించితే పులుసు గింజకు పట్టదు," అని కడవ ఎత్తుకుని పోయింది.

ఆ మధ్యాహ్నం ఎనిమిది మందిమీ గిన్నె నాకాం. ఆ తర్వాత ప్రతి రోజూ అంతే, పావుగంట తక్కువ కాకుండా తెర్లించేవాళ్లం. డ్రైవరు మరో రెండు ముద్దలు పెట్టించుకుని, మా అమ్మ చేపల పులుసే ఇది, చేపలే లేవు అన్నాడు.

చేపలు ఎందుకు లేవు? ఎదురుగా సముద్రం ఉంది. తెప్పలు ఇసుకలో బోర్లా పడి ఎండుతున్నాయి. వాటిని నీళ్లలో దించనివ్వనిది మేమే. నెలాఖరుకు యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. మాకు మాత్రం ఆగిందన్న ఉత్తర్వు రాలేదు. సిగ్నల్ అతను రోజూ అడిగేవాడు. రోజూ ఒకటే జవాబు: పాత ఉత్తర్వే. పాలెంలో ముందు పెద్దవాళ్లు ఒక పూట మానుకున్నారు. రమణమ్మ నీళ్లకు రావడం మానేసి, బోగోలు పొలాల్లో కూలికి పోవడం మొదలుపెట్టింది. ఆమె చింతపండుతో మేం మాత్రం కడుపు నిండా తింటున్నాం. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

అప్పటికి ఏరి పక్కన పెట్టిన చెడ్డ డబ్బాలు డెబ్భై రెండు. ప్రతి దాని మీదా సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు వేసి గుడారం వెనక పేర్చాను. వాటిని అక్కడే పొడిచి పాతిపెడదామని హవల్దారుకు చెప్పాను. కుదరదన్నాడు. చెడ్డవైనా లెక్క లెక్కే, సప్లై వాళ్లకు ఒప్పజెప్పాలన్నాడు. సిగ్నల్ చేత కబురు పంపించాను. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"డెబ్భై రెండు డబ్బాలు ఉబ్బినాయి. పారేయడానికి అనుమతి కావాలి. ఓవర్."

"పారేయకండి. సప్లై సుబేదారు వచ్చి చూస్తాడు. ఓవర్."

సిగ్నల్ అతను అది పుస్తకంలో రాసుకున్నాడు, గంటా నిమిషాలతో సహా.

మరో నాలుగు రోజులకు బ్యాటరీలు మార్చుకు రమ్మని నన్నూ డ్రైవర్నీ నెల్లూరు పంపారు. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చాం. వాన పడుతోంది. గుడారం వెనక డబ్బాలు లేవు. హవల్దారును అడిగాను. నా మొహంలోకి చూడకుండా చెప్పాడు. మేం వెళ్లిన రోజే సుబేదారు వచ్చాడట. పాలెం వాళ్లు ఆకలితో ఉన్నారు కదా, సర్కారు సాయం చేసినట్టుంటుందన్నాడట. సుద్ద గుర్తులు తడిగుడ్డతో తుడిపించి ఇంటికి రెండు చొప్పున పంచాడట. వండిన తిండే, కోసుకుని తినండి అని చెప్పి వెళ్లాడట.

గుర్తులు తుడిచిన ఆ గుడ్డ కోసం చూశాను. ఎందుకో తెలియదు. అది గుడారం తాడు మీద ఆరేసి ఉంది.

పాలెంలోకి పరిగెత్తాను. రమణమ్మ ఎదురొచ్చింది.

"మీ కాడికే వస్తా వుండానన్నా. మా మామకు ఏందో అయింది. మాట ముద్దగా వస్తా వుండాది. నీళ్లు మింగలేకుండా వుండాడు."

ముందురోజు ఆమె కూలికి వెళ్లినప్పుడు పోలయ్య ఒక డబ్బా కోసుకున్నాడు. పళ్లు లేని మనిషి. గింజలు మెత్తగా ఉన్నాయని చల్లవి చల్లగానే డబ్బా మొత్తం తిన్నాడు. మిగతా ఇళ్లలో కోసినవాళ్లు ఆ తీపి సహించక ఉమ్మేశారు. కొందరు పండక్కని దాచుకున్నారు. ఆ తీపే వాళ్లను కాపాడింది. సిగ్నల్ అతను, వంటవాడు ఇంటింటికీ తిరిగి డబ్బాలు వెనక్కి తెచ్చారు. అరవై ఎనిమిది దొరికాయి. నలుగురం పోలయ్యను నులకమంచం మీద మోసుకుని కాలువ దాటించాం. లారీ తీయడానికి అనుమతి కోసం బయల్దేరే ముందే వైర్‌లెస్‌లో అడిగితే, సివిలియన్లకు సైన్యం బండి లేదన్నారు. డ్రైవరు ఆ మాట విని కూడా, గట్టు చేరగానే ఇంజను స్టార్టు చేశాడు. మేం మంచం ఎత్తుతున్నప్పుడు హవల్దారు సముద్రం వైపు తిరిగి నిలబడి, దుర్భిణి కళ్లకు పెట్టుకున్నాడు. ఆయన చేయగలిగింది అది.

కావలిలో డాక్టరు పెద్దాయన. డబ్బా చూపించమన్నాడు. వాసన చూశాడు. ఇది నరాలను పట్టే విషం, మా దగ్గర మందు లేదు అన్నాడు. మేం కూడా అలాంటివే తిన్నాం కదా అన్నాను. ఎలా తిన్నారని అడిగాడు. చెప్పాను. చింతపండు పులుసు, పావుగంట తెర్లించడం.

"ఆ తెర్లించడమే మిమ్మల్ని బతికించింది. మంచివని మీరు ఏరినవాటిలోనూ ఎన్ని చెడ్డవున్నాయో ఎవరికి తెలుసు. ఈయన కూడా మరగబెట్టుకుని ఉంటే బతికేవాడు," అన్నాడు.

రమణమ్మ పక్కనే ఉంది. మూడో రోజు ఉదయం పోలయ్య ఊపిరి ఆగిపోయింది.

వారానికి విచారణ. బేస్ నుంచి ఒక అధికారి వచ్చి మా గుడారంలో బల్ల వేయించుకున్నాడు. టైపు చేసిన కాగితం ముందే తెచ్చాడు. అందులో ఇలా ఉంది: పనికిరాని డబ్బాలను మేం ఇసుకలో పాతిపెట్టాం. గ్రామస్థులు దొంగతనంగా తవ్వుకుని తిన్నారు.

హవల్దారు సంతకం పెట్టాడు. పింఛనుకు ఆయనకు ఎనిమిది నెలలే ఉంది. కాగితం నా వైపు జరిపారు. నేను పెట్టనన్నాను. అధికారి కోప్పడలేదు, మెత్తగానే అడిగాడు, ఒక ముసలివాడి కోసం ఎందుకిదంతా అని.

"ఆయన దొంగ కాడు సార్. మేం తెప్ప దించనియ్యలేదు, ఆకలేసి మేం పెట్టింది తిన్నాడు. అది రాస్తే సంతకం పెడతా," అన్నాను.

అప్పుడు సిగ్నల్ అతను ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు. తన పుస్తకం తెరిచి, ఉబ్బిన డబ్బాల కబురు గంటా నిమిషాలతో సహా చదివాడు. పారేయకండి అన్న జవాబు కూడా చదివాడు.

ఆ కాగితం చించేశారు. రెండో కాగితంలో దొంగతనం మాట లేదు. పోలయ్య వయసు మీదపడి పోయాడని రాశారు. నా చేతి మీది లాన్స్ నాయక్ పట్టీ ఊడదీశారు, అనుమతి లేకుండా లారీ వాడినందుకు. డ్రైవరును గోదాము కాపలాకు వేశారు. సిగ్నల్ అతన్ని ఈశాన్యం పంపారు. సుబేదారు మరుసటి ఏడాది పైమెట్టు ఎక్కాడని విన్నాను. తెప్పలు దించుకోవచ్చన్న ఉత్తర్వు మాత్రం విచారణ జరిగిన మూడో నాడే వచ్చింది. అంతకు నెల ముందు రావడానికి ఏం అడ్డమొచ్చిందో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

డిసెంబరులో మమ్మల్ని వెనక్కి పిలిచారు. సెలవు మీద కొడవలూరు వచ్చాను. ఊళ్లో నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. యుద్ధంలో ఏం చేశావని అందరూ అడిగేవాళ్లు. డబ్బాలు ఏరానని చెబితే నవ్వేవాళ్లు. సైన్యంలో డబ్బా తిండి రాజభోగమట కదా అని ఒకాయన ఇప్పటికీ అంటుంటాడు. అందుకే ఇదంతా రాశాను. ఒక్క సంగతి మాత్రం మా నాన్నకు కూడా చెప్పలేదు.

పోలయ్యను మంచం మీద పెట్టి మోస్తున్నప్పుడు ఇసుక దిబ్బ మీద ఒక నిమిషం దించాం, భుజాలు మార్చుకోవడానికి. అప్పటికి ఆయన రెప్పలు వాలిపోయాయి, తెరుచుకోవడం లేదు. మాట పూర్తిగా పోయింది. ఆయన చెయ్యెత్తి, బొటనవేలితో తన కుడి రెప్పను పైకెత్తి పట్టుకున్నాడు. ఆ ఒక్క కంటితో సముద్రం వైపు చూశాడు. బోర్లా పడి ఉన్న తన తెప్పను చూశాడు. తర్వాత ఆ కన్ను నా వైపు, నా యూనిఫారం వైపు తిప్పి, రెండో చేత్తో గాలిలో మెల్లగా తోశాడు, తెప్పను నీళ్లలోకి తోసినట్టు. నన్ను అడుగుతున్నాడు, దించమంటావా అని.

నాకు ఉత్తర్వు లేదు. తల వంచుకుని మంచం కోడు పట్టుకున్నాను.