బొత్తానికి కొసరు

ఆ రోజు పళ్ల కొట్టాయన మొదటి బేరం కిలో ద్రాక్ష. కాటా మీద అంకె సరిగ్గా కిలో దగ్గర నిలిచింది. కొన్నావిడ సంచీ నోరు తెరిచి పట్టుకుంది. ఆయన ద్రాక్ష అందులో పోసి, ఆవిడ సంచీ మూసేలోపు ఇంకో చిన్న గుత్తి తెంపి పైన పడేశాడు. అడగకుండానే. అడిగాక ఇచ్చేది కొసరు కాదు, బేరం అని ఆయన సిద్ధాంతం. కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆ చేయి ప్రతి తూకానికీ ఒకసారి ఎక్కువే కదులుతోంది. అందుకే బజారంతా ఆయన్ని కొసరాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు.

ఆ వారం ఆయనకు ఇంట్లో కూడా ఒక ఖాతాదారు తయారైంది. పేరు బొత్తాం. మనవరాలు పంజరంలో పెంచుకుంటున్న హామ్‌స్టర్, ఎలక లాంటి బుల్లి జంతువు. పిడికిట్లో పట్టే ఒళ్లు, మిరియాల్లాంటి కళ్లు, ఉందో లేదో వెతికి చూసుకోవాల్సిన తోక. కొడుకూ కోడలూ పిల్లను తీసుకుని వారం రోజులు ఊరెళ్తూ, దాన్ని ఎవరికి అప్పగించాలా అని తర్జనభర్జన పడ్డారు. కోడలి ఓటు పక్కింటి దర్జీకి పడింది.

"మామయ్యగారి చేయి ఆగదండీ," అంది మొగుడితో, మామగారికి వినపడేటట్టే. "దర్జీగారైతే కొలత ప్రకారం పెడతారు."

దర్జీ నిజంగానే కొలత మనిషి. నడుము కాస్త తగ్గించి చెప్పవయ్యా అని ఎవరు బతిమాలినా చెప్పడు. కానీ కొసరాయనకు రోషం ముంచుకొచ్చింది.

"ఇంట్లో తాత ఉండగా, ఆ తాతకి పళ్ల కొట్టుండగా, పిల్ల ప్రాణాన్ని తీసుకెళ్లి సూదీ దారం వాడింట్లో పెడతారా?"

మనవరాలికి ఎనిమిదేళ్లు. రెండు పక్షాల వాదనా విని తీర్పు చెప్పింది.

"ఈసారికి తాతయ్య దగ్గర. దానికేమైనా అయితే మాత్రం ఇంకెప్పుడూ దర్జీ అంకుల్ దగ్గరే."

తర్వాత తాతను కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. రోజూ డబ్బాలోని గింజల మేతే పెట్టాలి. పండు వారానికి రెండుసార్లు, అదీ చిటికెన వేలి గోరంత. యాపిల్ అయితే గింజ తీసెయ్యాలి. నారింజ, నిమ్మ లాంటి పుల్లటివి వద్దే వద్దు. పండు తినకుండా వదిలేస్తే తీసి పారెయ్యాలి.

"నేనెన్నేళ్ల నుంచి పళ్లు అమ్ముతున్నానో తెలుసా నీకు? నాకు పళ్ల గురించి చెబుతున్నావా?"

"నువ్వు అమ్ముతావు తాతయ్యా. బొత్తాం కొనుక్కోడానికి రాలేదు కదా."

వాళ్లు వెళ్లిన సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి, బాగా ఎర్రటి యాపిల్ ఒకటి ఏరి తెచ్చాడు. గింజ తీశాడు. తన చిటికెన వేలు పక్కన పెట్టుకుని గోరంత ముక్క కోశాడు. బుట్టలు మోసి మోసి మొద్దుబారిన వేలు అది. దాని గోరు మనవరాలి బొటనవేలి గోరు కన్నా పెద్దది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. బొత్తాం నిద్ర లేచి వచ్చి, ముక్క అందుకుని నోట్లో కుక్కుకుంది. నమల్లేదు. ముక్క మాయమైంది. ముందు కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, తలెత్తి ఆయన వంకే చూస్తూ నిలబడింది.

కొసరాయనకు ఆ నిలబడటం బాగా తెలుసు. తూకం అయిపోయినా సంచీ మూయకుండా నిలబడే మనిషి అలాగే నిలబడతాడు. ఆయన చేయి దానంతటది కదిలింది. ఇంకో ముక్క. అదీ మాయం.

"పాపం, నమిలే ఓపిక కూడా లేదే దీనికి. ఎంత ఆకలి మీదుందో."

"కిలో కొన్నవాళ్లకి కొసరంటే అర్థముంది," అంది భార్య గుమ్మంలో నిలబడి. "గోరంత సరుక్కి గోరంత కొసరేమిటి? ఆ ఎలకకి ఏమన్నా అయితే పిల్ల నీ మొహం చూడదు."

"ఎలక కాదు, హామ్‌స్టర్."

"ఏదైతేనేం, పొట్ట ఒకటేగా."

మర్నాడు యాపిల్‌తో పాటు ద్రాక్ష, ఆ తర్వాత అరటిపండు వెళ్లాయి. వారానికి రెండుసార్లన్న మాట ఆయన మర్చిపోలేదు. కొసరు లెక్కలోకి రాదు కదా అనుకున్నాడు. పెట్టిందల్లా పెట్టిన క్షణంలో మాయమవుతుంటే ఆయన గుండె ఉప్పొంగింది. "నా సరుక్కి వంక పెట్టని జీవి ఇన్నాళ్లకి దొరికింది," అని బజారులో కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు.

వారం సగం గడిచేసరికి ఇంట్లో వాసన మొదలైంది. పులిసిన పండు వాసన. పెట్టె అడుగున ఒక్క నారింజ చెడితే పైనుంచే పసిగట్టే ముక్కు ఆయనది. అలాంటిది, సొంత ఇంట్లో వాసన ఎక్కడిదో దొరకలేదు. వంటింట్లో బుట్టలు బోర్లించాడు, మంచం కింద దూరాడు, భార్య మీద నేరం మోపి తగినంత తిట్టించుకున్నాడు. ఆ సాయంత్రం బొత్తాం బయటికి రాలేదు. పిలిచినా రాలేదు. యాపిల్ చూపించినా రాలేదు. పంజరంలో దాని చెక్క ఇల్లు ఎత్తి చూస్తే, ఒళ్లు ముడుచుకుని, వెనకంతా తడిసిపోయి పడుకుని ఉంది. దాని పక్కన రంపపు పొట్టు కింద ఒక గోదాము బయటపడింది. యాపిల్ ముక్కలు, చీల్చిన ద్రాక్ష, నల్లబడ్డ అరటిపండు, అన్నీ పోగుపెట్టి ఉన్నాయి. కొసరులో సగం అక్కడే ఉంది. చిన్న చిన్న ఈగలు పైకి లేచాయి.

కొసరాయన ఎత్తిన చెక్క ఇల్లు చేత్తో పట్టుకునే ఉన్నాడు. భార్యే పంజరానికి తువ్వాలు కప్పి, "చూస్తావేం, పద," అంది.

జంతువుల డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో పొదుపరి.

"ఏం పెట్టారు?"

"యాపిల్ అమ్మా. చిటికెన వేలి గోరంత."

"ఎవరి చిటికెన వేలు?"

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంతేనా?"

"అంతే."

"కొసరు?" అంది పక్కనుంచి భార్య.

"కొంచెం కొసరు," అన్నాడు ఆయన.

డాక్టరమ్మ బొత్తాన్ని తూకం వేసింది. నూట పది గ్రాములు. దీని ఒంటికి మీరిచ్చే ఒక్క ముక్క, మీ ఒంటికి బుట్టెడు పళ్లంత అని చెప్పింది. అది వెంటనే మింగలేదని, బుగ్గల్లో భుజాల దాకా సంచులుంటాయని, వాటిలో నింపుకెళ్లి దాచుకుని తింటోందని, ఆ తీపీ నీరూ పడకే విరేచనాలు పట్టుకున్నాయని వివరించింది. నోట్లో వేయడానికి చుక్కల మందిచ్చింది. పంజరం కడగాలి, గింజలూ నీళ్లే ఇవ్వాలి, పండన్న మాట ఎత్తకూడదు. రోజూ తూచాలి. తగ్గితే వెంటనే తీసుకురావాలి.

"తూచడానికేమన్నా ఉందా ఇంట్లో?"

"కాటా లేకుండా ఎలాగమ్మా," అన్నాడు. ఆ పూటకు ఆయన తలెత్తి చెప్పిన మాట అదొక్కటే.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే బేరాలకు ముందు బొత్తాం కొట్టుకొచ్చేది. చిన్న గిన్నె కాటా మీద పెట్టి, దాని బరువు తీసేసి, అందులో బొత్తాన్ని కూర్చోబెట్టేవాడు. అంకె నిలిచేదాకా కాటా దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఉన్నది ఉన్నట్టు తూగితే చాలనిపించింది.

"అది కిలో ఎంత?" అనడిగాడు ఒకడు.

"నీ అంతటివాడు కొనలేడు. నడు."

బొత్తానికి పెట్టలేని కొసరంతా ఎటో ఒకవైపు పోవాలి. ఆ నాలుగు రోజులూ బజారులో ద్రాక్ష కొన్నవాళ్ల పంట పండింది.

మనవరాలు వచ్చేనాటికి బొత్తాం చక్రం తిప్పుతోంది. అంతా సర్దుకుంది కదా, చెప్పకపోతేనేం అని కొసరాయనకు అనిపించింది. భార్య మొహం చూశాక ఆ ఆలోచన మానుకున్నాడు. గోదాముతో సహా అంతా చెప్పాడు. కోడలు పక్కింటి వైపు చూసింది. పిల్ల చాలాసేపు బొత్తాన్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత తాత చిటికెన వేలి పక్కన తన వేలు పెట్టి చూసింది.

"మళ్లీ నీ దగ్గరే ఉంచుతాను తాతయ్యా. రోజూ తూచావుగా," అంది. "కానీ పండు పెట్టే రోజు దర్జీ అంకుల్ వచ్చి కొలుస్తాడు."

"ఎవడు?"

"అంకులే. కొలిచాకే పెట్టాలి."

సెలవుల్లో వాళ్లు మళ్లీ ఊరెళ్లారు. పండు పెట్టాల్సిన మొదటి సాయంత్రం దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. పిల్ల చిటికెన వేలి గోరు కొలత ముందే తీసి పెట్టుకున్నాడు. కొసరాయన కోసిన ముక్క మీద టేపు ఆనించి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఈ పక్క ఒక నూలుపోగంత ఎక్కువుంది బాబాయ్."

"కుట్టులో పోతుంది లేరా."

"పోదు. కొయ్యి."

కోశాడు. బొత్తాం ముక్క అందుకుని, బుగ్గలో వేసుకుని, కాళ్లు దగ్గరికి చేర్చి తలెత్తి నిలబడింది. కొసరాయన చేయి కదిలింది. దర్జీ ఆ చేతిని పట్టుకుని, బొత్తాం వెనుతిరిగి వెళ్లేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున కాటా మీద బొత్తాం నూట ఇరవై ఐదు గ్రాములు. డాక్టరమ్మ తూచిన నాటి కన్నా పదిహేను కొసరు.