ఆ మాటలు రాసిన చెయ్యి

సినిమాలకు మాటలు రాద్దామని వచ్చి, జూబ్లీ హిల్స్‌లో ఒక న్యూస్ ఛానల్‌లో తేలినవాణ్ణి నేను. వార్తలకు వాయిస్ ఓవర్ రాయడం నా పని. మా దగ్గర ముందు మాటలు రాస్తాం, తర్వాత లైబ్రరీలో దొరికిన పాత విజువల్స్ అతికిస్తాం. అందులో ఉన్నది ఎవరని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు టోలిచౌకి నుంచి ఒకామె పనికి వచ్చేది. బర్మాలో ఊరు తగలబెడితే పిల్లల్ని తీసుకుని పారిపోయి వచ్చిన మనిషి. మా ఇంటితో కలిపి నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. ఒకసారి వాళ్ల గల్లీలో నీళ్లు రావడం లేదని చెబితే కెమెరా పంపించాను. నా మీద నమ్మకంతోనే, బిందె పట్టుకుని నిలబడి మాట్లాడింది.

ఏడాది తర్వాత ఎక్కడో దొంగతనం కేసులో బర్మావాడొకడు దొరికాడు. ఒక్కడంటే ఒక్కడు. నేను ‘శరణార్థి’ అని రాస్తే డెస్క్ ఇన్‌చార్జికి చప్పగా అనిపించింది. "పంచ్ లేదండీ" అన్నాడు. పంచ్ రాయడం నాకు బాగా వచ్చు, ఖర్మ! "నగరం నడిబొడ్డున చొరబాటుదారులు. మీ పక్కింట్లోనే ఉండొచ్చు!" అని రాసిచ్చాను. ఎడిటింగ్ గదిలో ఆ మాటల మీద ఆమె ముఖం కనిపించింది, బిందెతో సహా. తీసేయమని చెప్పాలి. బులెటిన్‌కు రెండు నిమిషాలే ఉన్నాయి. అలాగే వదిలేశాను.

మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. నాలుగిళ్ల పనీ పోయింది. అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి, ఆమె అలాంటిది కాదని చెప్పాను.

"మీ ఛానల్లోనే చూపించారు కదండీ. మరి అదంతా అబద్ధమంటారా?" అన్నారాయన.

అవునంటే నా ఉద్యోగం ఏమవుతుందోనని భయపడ్డాను. "అందరూ అలా ఉండరులెండి" అని నసిగి వచ్చేశాను. సిగ్గులేని మనిషిని.

ఆమె గేటు బయట ఎండలో నిలబడే ఉంది. ఇంటి ఓనరు కూడా రూమ్ ఖాళీ చేయమన్నాడట. ఏడవలేదు. ఇక్కడికొచ్చి నేర్చుకున్న తెలుగులో మెల్లగా అడిగింది.

"సార్, మీరు గాడనే పని చేస్తరు గద. గా మాటలు రాసినాయన ఎవరో జర కనుక్కోండి. ఒక్కసారి మా రూమ్‌కు తీస్కరాండి. మేం ఎట్ల బతుకుతున్నమో చూస్తే, మల్ల గట్ల రాయడు."

కనుక్కుంటానన్నాను.

ఆమె నమ్మింది. నాకు సలాం చేసి వెళ్లిపోయింది.